మోకాలిలోతు

ఇంగ్లండులోని మా స్కార్‌బరో సముద్రతీరపు ఇసుకలో ప్రతి ఆగస్టులోనూ కనిపించే ముసలమ్మల్లో ఈడ్నా ఒకతె. లీడ్స్ నుంచి చెల్లెలు మ్యూరియల్‌ను వెంటబెట్టుకుని వస్తుంది. ఎంత ఎండ కాసినా కోటు విప్పదు, మేజోళ్లు తీయదు. నీళ్లకు దూరంగా గుడ్డకుర్చీ వేయించుకుని, ఫ్లాస్కులోని టీ పోసుకుని, వేపిన చేపను వేళ్లతో తుంచుకు తింటుంది. చిన్నప్పుడు ఒక అల ముంచేసిందట. అప్పటినుంచీ సముద్రాన్ని చూడటమే తప్ప తాకింది లేదు. చెల్లెలు వెక్కిరిస్తే, "పులినైనా దూరం నుంచే కదే చూస్తాం!" అంటుంది.

ఈ ఏడు ఒక మధ్యాహ్నం, పిల్లల్ని ఎక్కించుకు తిరిగే గాడిద ఒకటి, కొంగంత సముద్రపక్షి తన తల మీదికి వాలేసరికి బెదిరింది. తోలేవాడి చేతిలోని పగ్గం విదిలించుకుని, వీపు మీది పాపతో సహా ఈడ్నా కుర్చీ పక్కనుంచే నీళ్లలోకి పరుగెత్తింది. పాప కెవ్వుమంది. ఈడ్నా టీ కప్పు పారేసి వెంటపడింది. బూట్లతోనే మోకాలిలోతుకు దిగి పగ్గం దొరకబుచ్చుకుంది.

"ఆగరా వెధవా! పసిదాన్ని ఎక్కించుకుని ఈతకెళ్తావా?"

ఆ తిట్టుకు పాప ఏడుపు మాని కిసుక్కున నవ్వింది. తోలేవాడు వచ్చి గాడిదనూ పాపనూ ఒడ్డుకు తీసుకుపోయాడు. ఈడ్నా మాత్రం అక్కడే నిలబడింది.

"బయటికి రా అక్కా! నీకు నీళ్లంటే భయం కదా!" అని అరిచింది మ్యూరియల్.

"ఇప్పుడూ భయమేనే," అంది ఈడ్నా, ఇంకో అల కోటు అంచును తడుపుతుంటే పకపకా నవ్వుతూ. "అయినా ఎంత బాగుందో! నువ్వూ రా."

మ్యూరియల్ అటూ ఇటూ చూసి, గౌను ఎత్తిపట్టుకుని, చలికి కేకలు పెడుతూ దిగింది.