భీముడి చేతిలో బేస్ గిటారు

తిరుపతి పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో ముప్పై ఏళ్లు బేస్ గిటారు వాయించిన మునికుమార్‌ని ఎవరూ పొగిడిన పాపాన పోలేదు. వాయిస్తున్నంతసేపూ అతని ఊసే ఎవరికీ పట్టేది కాదు. ఒక్క నిమిషం ఆపితే మాత్రం పాడేవాణ్ణి తిట్టేవారు. దానికే అతను తెగ మురిసిపోయేవాడు.

ఆ గిటారు వయసులో అతని కంటే పెద్దది. మద్రాసులో ఒక ముసలి వాద్యగాడి దగ్గర కొన్నాడు. నాలుగు లావుపాటి తీగలు, బొటనవేలు ఆనేచోట రంగు పోయి తేలిన చెక్క. భార్య నిర్మలమ్మ దాన్ని "అక్కా" అనేది. సవతిని అట్లాగే పిలవాలట.

పన్నెండేళ్ల కిందట నగరి దగ్గర ఒక పల్లెలో అమ్మవారి గుడి భారతం తిరునాళ్లకు కచేరీ చేసి, మర్నాడు పొద్దున బస్సు కోసం నిలబడ్డాడు. ఆ రోజే దుర్యోధన వధ. మైదానంలో నలభై అడుగుల మట్టి దుర్యోధనుడు పడుకుని ఉన్నాడు. భీముడి వేషగాడు సిద్ధం. గద మాత్రం చెదలు తిని, ఎత్తగానే రెండు ముక్కలైంది. గుడి ధర్మకర్త దొరస్వామి చూపు మునికుమార్ గిటారు సంచి మీద పడింది. పైన సన్నం, కింద లావు.

"ఒక్క దెబ్బకే కదప్పా! కొట్టేసి తెచ్చిస్తాం."

మునికుమార్ మొహమాటస్థుడు, ఇచ్చాడు. దానికి పసుపు పూశారు. దెబ్బ పడింది, తొడలో దాచిన కుండ పగిలి కుంకుమ నీళ్లు చిమ్మాయి. గిటారు తిరిగి రాలేదు.

"దుర్యోధనుడి తొడకు తగిలినాక అది గిటారెట్లయితాది? గద! అమ్మవారి సొత్తు," అన్నాడు దొరస్వామి. అన్యాయం చేయకూడదని ఊరంతా కలిసి అతనికి కొత్త గిటారు కొనిచ్చింది. "సూడు, నీదానికి నాలుగే తీగలు. దీనికి ఆరుండాయి."

మునికుమార్ ఏడవలేక నవ్వాడు. ఏటా వెళ్లి అడిగేవాడు, ఏటా ప్రసాదం పెట్టి పంపేవారు. భీముడు తప్ప ఎవరూ గద ముట్టకూడదన్నారు. నాలుగో ఏడు వేషగాడి కాలు విరిగింది.

"నేనే భీముణ్ణి," అన్నాడు యాభై కిలోల మునికుమార్.

అప్పటినుంచి ఏటా పొట్టకు రెండు దిండ్లు కట్టుకుని అతనే భీముడు. గద భుజానికెత్తుకున్నాక ఊరేగింపుగా దుర్యోధనుడి తొడ దాకా నడవడానికి అరగంట. దారిలో వదులైన తీగలు బిగిస్తాడు. చెక్కకు చెవి ఆనించి లావు తీగను ఒక్కసారి మీటుతాడు. డప్పుల హోరులో అది ఎవరికీ వినపడదు. అతనికి మాత్రం ఒళ్లంతా వినపడుతుంది.

ఈ ఏడు దెబ్బ మరీ మెల్లగా పడింది. కుండ పగల్లేదు.

"గట్టిగా కొట్టప్పా, వాడు సావాల!" అని మైకులో అరిచాడు దొరస్వామి.

మునికుమార్ గిటారును గుండెకు హత్తుకుని, దుర్యోధనుడి పక్కనే కూలబడ్డాడు.

"సచ్చినాడులే దొరస్వామన్నా," అన్నాడు. "ఎప్పుడో సచ్చినాడు."