కొట్టని చాటింపు

వెట్టి ఏసోబు గొంతు ఊరందరికీ తెలుసు. మాట ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ళుగా గ్రామ నౌకరుగా తప్పెట మెడకేసుకుని అతను అరిచినవన్నీ కరణంగారి మాటలే. శిస్తు కట్టాలహో, కాలవకి నీళ్ళొదిలారహో, ఫలానావారి గేదె తప్పిపోయిందహో! పంచాయతీ రేడియో పెద్దబజారు దాటి వినబడదు. ఊరవతలున్న పల్లెకి ఏది తెలియాలన్నా ఆ తప్పెటే దిక్కు.

దానికో పద్ధతుంది. థూ, ఏం పద్ధతో! చాటింపు వేసినట్టు కాగితం మీద వేలిముద్ర ముందు, తప్పెట తర్వాత. చెయ్యి తగలకుండా కరణం అరుగు మీంచి కాగితం పడేస్తాడు. ఏసోబు వంగి వేలేస్తాడు. అందులో ఏముందో ఆయన చెబితేనే తెలిసేది.

ఎనభై రెండులో, మిరపకోతల ముందు, ఓ కాగితం మీద అలాగే వేలేశాడు.

"ఏం చాటమంటారు దొరా?"

"తొందరేంట్రా? చెబుతాలే, పో."

ఆయన చెప్పలేదు. ఇతను మళ్ళీ అడగలేదు.

నెల తిరక్కుండా పల్లె పక్క పోరంబోకులో హద్దురాళ్ళు లేచాయి. ఇళ్ళ స్థలాలిస్తామని పల్లెని మూడేళ్ళు ఊరించిన నేల. ఇప్పుడది కరణంగారి బావమరిదికి మిరపకాయలు ఆరబోసుకునే కల్లమట!

ఏసోబు భార్య రెబ్కా రాళ్ళు చూసొచ్చి విరుచుకుపడింది. "ఊళ్ళోవాళ్ళ గేదె తప్పిపోతే గొంతు చించుకుంటావే! మన నేల పోతుంటే నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?"

"నాకు తెలిస్తేగా!" అంటుండగానే ఆ కాగితం గుర్తొచ్చింది. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు.

మర్నాడే పల్లెబడి పంతులు జక్రయ్యని వెంటబెట్టుకుని తాలూకా ఆఫీసుకెళ్ళాడు. గుమస్తా కిళ్ళీ నములుతూ కాగితాల కట్ట విప్పాడు.

"ఆ స్థలం మీద అభ్యంతరాలకి పదిహేను రోజులు గడువిచ్చాం. దండోరా వేసినట్టు ఇదిగో, నీ వేలే. ఒక్కడూ రాలేదు."

"నేను తప్పెట కొట్టలేదండీ. ఏం కొట్టాలో కరణంగారు చెప్పలేదు."

"అయితే దొంగ వేలేశావన్నమాట. ఉద్యోగం ఊడుద్ది. కేసూ నీ మీదే పడుద్ది. నోర్మూసుకుని ఇంటికిపో."

జక్రయ్య చెయ్యి పట్టి లాగాడు. "పద ఏసోబూ, బయట ఆలోచిద్దాం."

ఏసోబు కదల్లేదు. కరణం మీద అసహ్యం ఎప్పట్నించో ఉంది. ఇన్నేళ్ళూ ఎవడి నోరో మెడకి కట్టుకు తిరిగినందుకు ఇప్పుడు తన మీద తనకే రోత పుట్టింది.

"పంతులుగారూ, ఇక్కడే రాయండి. చాటింపు వెయ్యలేదని, మా పల్లెకి ఎవరూ చెప్పలేదని. గడువు మళ్ళీ పెట్టమని."

జక్రయ్య బల్ల అంచున వంగి రాశాడు. సిరా డబ్బీ ముందుకి జరిపాడు. ఏసోబు చెయ్యి చాచలేదు.

"ముందు చదవండి. గట్టిగా."

"ఇదేమన్నా సంతేంట్రా?" అంటూ గుమస్తా టీకి లేచాడు.

ఏసోబు వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఇనేసి ఎల్లండి. మీరు చదవండి పంతులుగారూ."