సఖీర్ ఎడారిలో డిస్క్ గోల్ఫ్, కారు దిగని నోటుబుక్కు

మూడు వారాలుగా మా అమ్మాయి సహస్ర నాతో డిస్క్ గోల్ఫ్‌కు రావడం మానేసింది. తప్పు నాదే. బహ్రెయిన్‌లో నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. సైటులో ఎవరికి చిన్న దెబ్బ తగిలినా ఏం జరిగింది, కారణం ఏమిటి, మళ్ళీ జరగకుండా ఏం చెయ్యాలి అని రాయడమే నా ఉద్యోగం. ఆ అలవాటును ఆటలోకీ మోసుకెళ్ళాను. గురి తప్పిన ప్రతిసారీ ఆట ఆపి, జేబులోంచి నోటుబుక్కు తీసి కారణం రాసేవాణ్ణి: గాలి, పట్టు, అడుగు. ఒకరోజు "కారణం: సహస్ర మాట్లాడింది" అని రాశాను. పదకొండేళ్ళ పిల్ల అది చదివేసింది. "ఇంక నువ్వొక్కడివే ఆడుకో నాన్నా" అంది, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను. మొన్న గురువారం బతిమాలితే షరతు మీద ఒప్పుకుంది. నోటుబుక్కు కారు దిగకూడదు. ఇంకోసారి విసుక్కున్నానంటే ఇక ఎప్పటికీ రాదు.

ఆట తెలియనివారికి రెండు మాటలు. పళ్ళెంలాంటి డిస్కును విసురుతూ వెళ్ళి, గొలుసులు వేలాడే ఇనప బుట్టలో వెయ్యాలి. తక్కువ విసుర్లలో వేసినవాడిదే గెలుపు. డిస్కులు ఆన్‌లైన్‌లో ఒక్కోటి ఆరు దినార్లు పడ్డాయి. బుట్టలు మూడూ జిదాఫ్స్‌లో ఒక వెల్డింగ్ దుకాణంలో చేయించాను, ఒక్కోటి తొమ్మిది దినార్లు. నలభై నాలుగేళ్ళకు మొదలుపెట్టి నేను నేర్చుకున్నానంటే ఎవరైనా నేర్చుకోగలరు, నన్ను నమ్మండి.

శుక్రవారం ఉదయం ఆరింటికి సనాబిస్‌లోని మా ఇంటి నుంచి బయలుదేరి, పావుగంటలో గుదైబియా చేరాం. మా సైటు మేస్త్రీ లచ్చన్న అక్కడ నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటాడు. ఊరు జగిత్యాల దగ్గర. సెలవు రోజున నిద్ర మానుకుని ఆటకు వచ్చేంత సరదా మనిషి. కెఫెటేరియా ముందు చాయ్ గ్లాసులతో ఎదురుచూస్తున్నాడు. చాయ్ వంద ఫిల్సులు, అంటే దినారులో పదోవంతు; గుడ్డు పరోటా మూడు వందలు.

"తల్లెలు తెచ్చిన్రా సార్?" అన్నాడు. తల్లెలంటే పళ్ళేలు; డిస్కులను అతను అలాగే అంటాడు. తర్వాత నా చొక్కా జేబు చూసి, "ఇయ్యాల బుక్కు లేదా?" అని అడిగాడు.

"డ్యాష్‌బోర్డులో పెట్టి తాళం వేశా అంకుల్" అంది సహస్ర, తాళంచెవి ఊపుతూ.

దక్షిణంగా హైవే మీద నలభై నిమిషాలు వెళితే సఖీర్ ఎడారి. చలికాలంలో అక్కడ గుడారాలు వెలుస్తాయి కాబట్టి వాటికీ, చమురు గొట్టాలకూ దూరంగా ఖాళీ జాగా చూసుకోవాలి. బుట్టలు నిలబెట్టేసరికి ఏడున్నర అయింది. మొదటి బుట్ట దగ్గరే నా డిస్కు గాలికి పక్కకు పోయింది. నిలబడి ఆలోచిస్తున్నాను. అలవాటు అంత తేలిగ్గా పోతుందా?

లచ్చన్న గట్టిగానే అన్నాడు: "సార్, ఇటుక వంకర వడ్డదనుకోన్రి, తీసి మళ్ళ వెట్టుడే. ఎందుకు వడ్డదని నిలవడి సోంచాయిస్తే మాల్ గట్టివడ్తది."

కలిపిన సిమెంటు గట్టిపడితే ఏమవుతుందో నాకు చెప్పక్కర్లేదు. నడిచి వెళ్ళి మళ్ళీ విసిరాను. రెండో విసురు బుట్ట పక్కన, మూడోది గొలుసుల్లో. ఆ చప్పుడు వింటే ఎవరికైనా ఛాతీ ఉప్పొంగుతుంది. అక్కడి నుంచి చెయ్యి కుదిరింది.

మూడో బుట్టకు వచ్చేసరికి నేనూ సహస్రా సమానం. నా డిస్కు చేతిలోంచి జారే క్షణంలో సహస్ర పెద్దగా తుమ్మింది. డిస్కు ఎటో పోయి ముళ్ళపొదలో పడింది. సహస్ర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా మొహంలోకి చూసింది. ఆ భయం చూస్తే నా మీద నాకే కోపం వచ్చింది. నా చెయ్యి అప్పటికే జేబు దగ్గరకు వెళ్ళింది. జేబు ఖాళీ.

"చిరంజీవ" అన్నాను. చిన్నప్పుడు అది తుమ్మినప్పుడల్లా అలాగే అనేవాణ్ణి.

అది ముందు నమ్మలేదు. తర్వాత పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పొదలోంచి డిస్కు తీసే సాహసంలో నాకు రెండు ముళ్ళు గుచ్చుకున్నాయి. రెండు విసుర్ల తేడాతో సహస్ర గెలిచింది.

మనసు కుదిరితే చెయ్యి కుదురుతుందని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. నా మనసును కుదిర్చింది సాధన ఒక్కటే కాదు, ఎవరో ఒకరి మీద నెపం వేసే పని మానెయ్యడం కూడా. మీరు వెళితే ఎరుపో నారింజో రంగు డిస్కులు కొనండి. ఇసుకరంగు డిస్కు పడిందంటే వెతుకులాటకే ఉదయం అయిపోతుంది.

ఇంటి దగ్గర కారు ఆపాక చూస్తే, నోటుబుక్కు వెనకసీట్లో తెరిచి ఉంది. దారిలో సహస్ర రాసినట్టుంది. "జరిగింది: నాన్న డిస్కు పొదలో పడింది. కారణం: నా తుమ్ము. మళ్ళీ జరగకుండా తీసుకోవలసిన చర్య: ఏమీ అక్కర్లేదు. నాన్న నవ్వాడు."