నాగవ్వ పొయ్యిలో వేసిన మందు

నాగవ్వకు కోపం ఎక్కువని బొగ్గుబాయి పక్క గుడిసెల్లో అందరూ అనేవారు. ఎందుకు ఉండదు? ఆ వానాకాలం బాయిలో పైకప్పు కూలి, పక్కన పనిచేస్తున్న లచ్చయ్య కళ్ళముందే నలిగిపోయాక, ఆమె భర్త రాయమల్లు మనిషిగా మిగల్లేదు. బాయి కూత వినపడగానే చేతులు వణికేవి, గుండె దడదడలాడేది, ఒళ్ళంతా చెమటలు. కూలీలను పనిలోకి దించే సర్దారు బుచ్చిరాములు మాత్రం అదంతా పని ఎగ్గొట్టే వేషం అనేవాడు. ఆ నోట్లో మన్ను పడ.

నాగవ్వ లక్సెట్టిపేట పక్కన పుట్టింటికి పోయి, తల్లి కిష్టవ్వ దగ్గర్నుంచి, బెదురు తగ్గి నిద్ర పట్టించే పెన్నేరు గడ్డ తెచ్చింది. ఎండబెట్టి, దంచి, మేకపాలలో కాచి రోజూ పొద్దుగూకాక తాగించింది. మెల్లమెల్లగా రాయమల్లుకు నిద్ర పట్టింది. వణుకు తగ్గింది. నాగవ్వ ప్రాణం కుదుటపడింది.

అంతలోనే సర్దారు అతన్ని మళ్ళీ ఆ కూలిన చోటికే పనికి వేశాడు. అక్కడ పైకప్పుకు ఆనించే కర్ర గుంజలు ఇంకా రానేలేదు. పైగా తగుదునమ్మా అని గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నాగవ్వా, నీ మందు మంచిగ పనిచేస్తుంది. ఇంక కొందరు గిట్లనే వణుకుతుండ్రు. వాళ్ళకు గూడ జర తాపు. పాలు నేను పంపిస్త."

నాగవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గుంజ కిర్రుమంటె అందరు బయటికి ఉరుకుతరు గద, సర్దార్ సాబ్. మా మనిషి ఒళ్ళు గట్లనే మొత్తుకుంటుంది. దాని నోరు మూసి లోపలికి తోల్తవా? కప్పుకు కర్ర పెట్టలే గని, మా మొగోళ్ళకు మందు పెట్టుమంటున్నవు."

మిగిలిన గడ్డనంతా అతని ఎదుటే పొయ్యిలో పడేసింది.

రాయమల్లు బెదిరిపోయాడు. "పని పోతె ఏం తింటమే?"

"తినేటందుకు నువ్వుండాలె గద."

వణికేవాళ్ళ భార్యలందరి దగ్గరికీ పోయి ఇదే చెప్పింది, గుంజలు వచ్చేదాకా మగవాళ్ళను దిగనియ్యొద్దని. మర్నాడు కూత మోగింది. చేతులు వణుకుతున్న మగవాళ్ళు, వాళ్ళ ముందు ఆడవాళ్ళు, బాయి మూతి దగ్గర కూర్చున్నారు. మిగతా కూలీలూ దిగలేదు. సర్దారు తిట్టాడు, బెదిరించాడు, చివరికి బతిమాలాడు. పొద్దు వాలేలోపే కర్రల బండి వచ్చింది.

అందరూ సంబరపడ్డారు. నాగవ్వ మాత్రం బండివాణ్ణి అడిగింది, "ఎక్కడికెళ్ళి తెచ్చినవు?"

"టేషన్ కాడి డిపోల నుంచి. ఎండకాలం సంది ఆడనే పడున్నయి."

వానాకాలంలో ఆ కప్పు కింద నలిగిపోయిన లచ్చయ్య భార్య రామవ్వ ఆ మాట వింటూ పక్కనే నిలబడి ఉంది.