కౌన్సెలింగ్ అనే మాట మీద కోపం

నేను ప్రొద్దుటూరులో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. ఆ రోజు రెండో పీరియడ్‌లో బోర్డు మీద లెక్క సగంలో ఉండగా ఛాతీ బిగుసుకుపోయింది. చేతులు తిమ్మిరెక్కాయి. చచ్చిపోతున్నాననుకుని బయటికి వచ్చేశాను. పదిహేడేళ్లలో క్లాసు మధ్యలో వదిలి రావడం అదే మొదటిసారి.

ఈసీజీ, ఎకో, టీఎంటీ చేశారు. అన్నీ నార్మల్. "గుండె బాగుంది, ఇది ప్యానిక్ అటాక్" అని సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. ఆయన మాత్రలు రాసి, "కౌన్సెలింగ్ కూడా కావాలి" అన్నాడు.

లేచి నిలబడ్డాను. "నా మీద ఏం కేసుందని సార్, కౌన్సెలింగ్?"

ఆయనది కోస్తా, నా కోపం అర్థం కాలేదు. మాది లింగాల పక్క పల్లె. ఒకప్పుడు మా తాత మాట మీద ఊరు నడిచేది. భూములు, మనుషులు ఫ్యాక్షన్‌లో పోయారు. మిగిలింది పోలీసు స్టేషన్ నుంచి పిలుపు. ఎన్నికలొస్తే మా నాయనను పిలిపించి, నేల మీద వరుసలో కూర్చోబెట్టి బుద్ధి చెప్పేవారు. దాని పేరే కౌన్సెలింగ్. మా ఇంట్లో ఆ మాట తిట్టుతో సమానం.

మాత్రలు వేసుకున్నాను కానీ కౌన్సెలింగ్‌కు పోలేదు. అటాక్‌లు తగ్గినా బోర్డు ముందు నిలబడలేకపోయాను. ప్రిన్సిపాల్ నన్ను క్లాసుల నుంచి తీసేసి స్టడీ అవర్లకు కాపలా పెట్టాడు. ఈ ఏడాదిలోగా తేరుకోకపోతే ఉద్యోగం ఉండదన్నాడు.

అప్పుడు బావమరిది నన్ను జమ్మలమడుగు తీసుకుపోయాడు. "ఇది కౌన్సెలింగ్ గాదు బావా, థెరపీ" అన్నాడు. బోర్డు మీద 'మైండ్ థెరపిస్ట్' అని ఉంది. ఆ మనిషి నన్ను ఎగాదిగా చూశాడు.

"మాత్రలేంది మామా? మీ వంశంలో ఎవురన్నా భయపడినోళ్లు ఉండారా? పారెయ్ వాటిని."

ఎక్కడ మీటితే పలుకుతానో అక్కడే మీటాడు. ఆ రోజే ఆపేశాను. నాలుగో రోజుకు తలలో కరెంటు షాకులు కొట్టినట్టు మొదలైంది. ఆ తర్వాత పులివెందుల బస్సులో అటాక్ వచ్చింది. బస్సు ఆపించి, నా భార్య నన్ను రోడ్డు పక్కన కూర్చోబెట్టింది. నెల రోజులు ఇల్లు కదల్లేదు.

సైకియాట్రిస్టు తిట్టాడు. "మాత్రలు ఒక్కసారిగా ఆపమని ఏ డాక్టర్ చెప్పాడు?" మళ్లీ మాత్రలు మొదలుపెట్టించాడు. ఈసారి ఆయన చెప్పిన కౌన్సెలింగ్‌కే, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. పేరు మల్లేశ్వరి.

"సార్, ముందే ఒక మాట. మా నాయన మీ చేన్లలో ఎరువుకు గొర్రెల మంద పెట్టేటోడు. తెలిసినోళ్ల ముందర చెప్పుకునేదానికి ఇబ్బందైతే ఇంకొకరికి రాసిస్తా. అది మా పనిలో పద్ధతి."

వెళ్లిపోదామనే అనిపించింది. కానీ నాతో ఇంత నిజాయితీగా మాట్లాడినవాళ్లు ఆ ఏడాదిలో ఎవరూ లేరు. "నువ్వు నాకు బుద్ధి చెప్తావా?" అన్నాను.

"బుద్ధి మీకు శానా ఉంది. మెట్లెక్కండి."

మూడంతస్తులు ఎక్కించింది. గుండె దడదడ కొట్టుకుంది.

"కొట్టుకుంటాంది కదా. చచ్చిపోయినారా?"

"లేదు."

"అయితే ఇంకోసారి ఎక్కండి."

దడ వస్తే పారిపోకుండా నిలబడటం అలా నేర్పింది. మూడు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి జారాను.

ఈ పనిలోకి ఎలా వచ్చావని అడిగాను. డిగ్రీలో సైకాలజీ, పీజీ, ఎంట్రన్స్ రాసి ఆసుపత్రిలో రెండేళ్ల శిక్షణ, ఆ పైన రిజిస్ట్రేషన్ అంది. "చూసిన ప్రతి కేసూ పైవాళ్ల ముందర పెట్టాల. తప్పుంటే అందరి ముందరా తిట్లు తినాల" అని నవ్వింది.

నయమయ్యాక జమ్మలమడుగు వెళ్లాను. యాడ చదివినావని నిలదీశాను.

"ఆన్‌లైన్‌లో రెండు దినాలు మామా. నువ్వు గూడా చెయ్యి. రోగం చూసినోడివి, బాగా నడుస్తాది!"

గోడ మీద సర్టిఫికెట్ ఉంది. ఫ్రేము మాత్రం గట్టిది. ఆ మనిషి గది బయట ఇంకో ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఈ కోపంలో సగం నా మీదే. మల్లేశ్వరి లాంటివాళ్ల చదువును వదిలి, నా వంశాన్ని పొగిడినవాణ్ణి నమ్మింది నేనే.

ఇప్పుడు రోజుకు నాలుగు క్లాసులు, నిలబడే చెప్తున్నాను. డాక్టర్ మాత్రల డోసు మెల్లగా తగ్గిస్తున్నాడు. కౌన్సెలర్ అవుతామనే పిల్లలకు రెండు రోజుల కోర్సు దారి పట్టొద్దని చెప్తున్నాను.

మీకు చెప్పేది ఒక్కటే. మీ కథ విప్పకముందే, ఎక్కడ శిక్షణ పొందారో, రిజిస్ట్రేషన్ నంబరేమిటో అడగండి. నేర్చుకున్నవాళ్లు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. మాత్రలు రాసే అర్హత లేని మనిషి మాత్రలు ఆపమంటే, మర్యాద కోసం కూడా ఆగకుండా చెప్పులు తొడుక్కుని వచ్చేయండి.