నూట యాభైలో నలభై ఏడోది

సాలూరులో టైర్ల కొట్టు హరిబాబుకి వెర్రి ఒక్కటే. వచ్చినవాళ్ళని చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కుపోయి గోడమీద బొమ్మ చూడమంటాడు. తీరా వాళ్ళు నోరు తెరుచుకుని చూస్తుంటే, "బొమ్మ కాదండీ, కింద నంబరు సూడండి" అంటాడు.

బొమ్మలంటే దేవుళ్ళూ, సీనరీలూ కావు. ఇటలీ దేశంవాళ్ళు ఎప్పుడో తీసిన పాత హారర్ సినిమాలున్నాయట. వాటి మీద మోజుతో ఇప్పటి చిత్రకారులు కొత్తగా బొమ్మలు గీసి, దళసరి కాగితం మీద కొన్నంటే కొన్నే అచ్చు వేస్తారు. ఒక్కొక్కదాని కింద పెన్సిలుతో నంబరు రాసి సంతకం పెడతారు. ఆ తర్వాత ఎవరు కాళ్ళు పట్టుకున్నా ఇంకొకటి వెయ్యరు. దాన్ని లిమిటెడ్ ఎడిషన్ అంటారని, స్మార్ట్‌ఫోను కొన్న ఏడాదే హరిబాబు కనిపెట్టాడు. అక్కణ్ణించి పెళ్ళాం యమునకి తిప్పలు మొదలయ్యాయి. పొడుగాటి గొట్టాల్లో చుట్టుకుని బొమ్మలు వచ్చేవి, వచ్చినవి వచ్చినట్టు గోడెక్కేవి. గుడ్లు మిటకరించి అరిచే ఆడవాళ్ళు, నల్ల గ్లవుజులు తొడిగిన చేతులు, ఎర్రటి మెట్లమీద ఎవరివో నీడలు. వాళ్ళందరి ఎదుటా కూర్చుని ఆ ఇల్లాలు బియ్యం ఏరుకునేది.

పోనీ ఆయనకేమైనా గుండెధైర్యమా అంటే, అదీ లేదు. ఆ సినిమాల్లో ఒక్కటి కూడా చివరిదాకా చూసిన పాపాన పోలేదు. ఫోనులో పెట్టుకుని, వెనక వాయిద్యం మారగానే ఆపేసి, "యమునా, కాస్త ఇలాగొచ్చి కూసో" అని కేకేసేవాడు. ఆవిడ పక్కన కూర్చుంటే ఇంకో నిమిషం నడిచేది.

బొమ్మని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, చెమట అంటుకుంటుంది. అందుకని తెల్ల నూలు గ్లవుజులు కొనుక్కున్నాడు. మొదటిసారి అవి తొడుక్కుని గొట్టంలోంచి బొమ్మ తీస్తుంటే పక్కింటి గురమ్మ కిటికీలోంచి చూసింది. హరిబాబు ఆవిణ్ణి అక్క వరసన "అప్పా" అంటాడు. అంత దగ్గరి మనిషి కూడా యమునని పెరట్లోకి పిలిచి, "ఒసే, మీ ఆయన ఎవర్నేటి సేసేడే? ఏలిముద్రలు పడకుండా గ్లవుజులేసుకున్నాడు!" అంది గుసగుసగా.

ఎండ తగిలితే రంగు వెలిసిపోతుందని కిటికీ తెరలు ఎప్పుడూ మూసే ఉండేవి. పట్టపగలు ఇంట్లో లైటు వెలిగేది. యమునకి ఒకరోజు ఒళ్ళు మండిపోయింది.

"బొమ్మలకి ఎండొద్దు సరే, మనుషులకి కూడా అక్కర్నేదేటి?"

"మనుషులేటి లిమిటెడ్ ఎడిషనా?"

"కాదేటి? నాలాటిది ఇంకొకత్తి దొరుకుతాదేటి మీకు?"

హరిబాబు లేచి వెళ్ళి ఒక తెర సగం తీశాడు. యమున వంటింట్లోకి వెళ్ళగానే మళ్ళీ వేసేశాడు.

అన్నింట్లోకీ ఆయనకి ప్రాణం నలభై ఏడో నంబరు. ఎర్రటి చీకట్లో ఒక ఆడమనిషి మొహం, కోడిగుడ్లంత కళ్ళు. ప్రపంచం మొత్తం మీద నూట యాభై ఉంటే అందులో ఇది నలభై ఏడోది. యమున తమ్ముడు రమేష్‌బాబు ఒకసారి వచ్చి, "విజయనగరంలో కలర్ జెరాక్సు తీయిస్తే అచ్చం ఇలాగే వస్తాది గదా బావా" అన్నాడు. అంతే, హరిబాబు మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

"జెరాక్సుకి పేణం ఉండదురా! ఇది గీసినోడు సొంతంగా సేత్తో ముట్టుకున్నది. దీన్లో ఒక శక్తి ఉన్నాది. నకలుకి ఎక్కణ్ణించి వస్తాది శక్తి?"

పాలల్లోకి తోడు అడగడానికొచ్చిన గురమ్మ గుమ్మంలో నిలబడి ఈ ఉపన్యాసమంతా భక్తిగా వింది.

ఆ గురమ్మ కొడుకు ఎర్రన్న లారీ డ్రైవరు. ఆ వేసవిలో కొరాపుట్ వెళ్ళే కొండదారిలో సుంకి ఘాటీ దిగుతుంటే బ్రేకు పట్టక బండిని కొండ వారకి గుద్దేశాడు. మనిషికి గీత పడలేదు, బండి బాగైపోయింది. పాడైంది ఎర్రన్న ధైర్యమే. రోజూ పొద్దున్నే లారీ దాకా వెళ్ళి, తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి వచ్చేసేవాడు. యజమాని చూసి చూసి, సోమవారం బండి తియ్యకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటానన్నాడు. ఎర్రన్నకి వచ్చిన పని అదొక్కటే.

గురమ్మ లెక్కలో ఇది దిష్టి. సాలూరు లారీలకి వెనక నాలుక చాపిన రాక్షసుడి మొహం ఉండడం మామూలే. ఎర్రన్న బండికున్న మొహం గుద్దినప్పుడు ఊడిపోయింది. కొత్తది కడదామంటే ఆవిడకి బజారులో ఏ రాక్షసుడూ నచ్చలేదు. సరాసరి హరిబాబు దగ్గరికి వచ్చింది.

"ఒరే తమ్ముడూ, ఆ గుడ్లావిణ్ణి ఇయ్యరా. ఆవిణ్ణి సూత్తే దిష్టెట్టినోడికే కళ్ళు తిరుగుతాయి."

హరిబాబు మొహం తెల్లబోయింది. "అప్పా, అది దిష్టిబొమ్మ కాదు, ఆర్టు!"

"ఏదైతే ఏటి, బయపెడతాదా నేదా?"

"బయపెడతాది గానీ..."

"మరేటి!"

కాదనడానికి నోరు రాలేదు, ఇవ్వడానికి చెయ్యి రాలేదు. మర్నాడు పని మానుకుని బస్సెక్కి విజయనగరం వెళ్ళి, కలర్ జెరాక్సు తీయించి, లామినేషన్ కూడా చేయించి పట్టుకొచ్చాడు. గురమ్మ దాన్ని తిరగేసి మరగేసి, కళ్ళద్దాలు పెట్టుకుని కింద వెతికింది.

"నంబరేదిరా?"

"నంబరుండదప్పా. ఇది జెరాక్సు."

"జెరాక్సుకి పేణముండదని నువ్వే అన్నావు గదరా? పేణం నేనిదాన్ని నా కొడుకెనక కడతావేటి?"

హరిబాబు జీవితంలో మొదటిసారి తన మాట ఒకరు నమ్మినందుకు బాధపడ్డాడు. జెరాక్సు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు, అన్నం సరిగ్గా తినలేదు.

ఆదివారం సాయంత్రానికి నలభై ఏడో నంబరు గోడమీద లేదు. యమున అడిగితే, "అద్దం బిగించడానికి బొబ్బిలి పంపేను" అన్నాడు. సోమవారం పొద్దున్నే చొక్కా మార్చుకుని, "టైర్ల పనుంది, కొరాపుట్ దాకా ఎల్లొస్తాను" అంటూ హడావిడిగా బయల్దేరాడు. హడావిడిలో మంచినీళ్ళ సీసా మర్చిపోయాడు. యమున సీసా పట్టుకుని వెనకాలే వెళితే, ఆయన నడిచింది బస్టాండుకి కాదు, లారీలు ఆగే చోటుకి.

అక్కడ ఎర్రన్న లారీ వెనక, మంచి అద్దం కింద, కోడిగుడ్ల కళ్ళావిడ. పక్కన హరిబాబు, తెల్ల గ్లవుజులతో మరలు బిగిస్తూ. యమునని చూసి మర కింద పడేశాడు.

"అదీ... ఇలవైన బొమ్మ గదా. కాపలా ఉండాల. అందుకే నానూ ఎల్తన్నాను."

తలుపు పట్టుకుని చెమటలు కక్కుతున్న ఎర్రన్న తిరిగి చూశాడు. "నువ్వూ వస్తన్నావా మావా?"

"నీకోసమనుకున్నావేటి? బొమ్మకోసం! నా బొమ్మకి ఏటైనా అయితే ఊరుకోను, సూసి నడుపు" అని కసిరి, హరిబాబు ముందు సీటులోకి ఎక్కేశాడు. ఒక క్షణం తటపటాయించి ఎర్రన్న కూడా ఎక్కాడు. బండి కదిలింది.

యమున సీసాతో అక్కడే నిలబడిపోయింది. బొమ్మ వెనకుంది, ఈయన ముందున్నాడు. ముందు కూర్చున్నవాడు వెనకున్నదానికి ఏం కాపలా కాస్తాడు? అడుగుదామనుకుంది గానీ, ఆవిడకి మొగుడి మీద ఎన్నడూ లేనంత ముద్దొచ్చి ఊరుకుంది.

మూడోనాడు తిరిగొచ్చాక ఎర్రన్న పడీపడీ నవ్వుతూ చెప్పాడు. "అత్తా, ఘాటీ ఎక్కినకాణ్ణించి మావ కళ్ళు మూసుకుని దండకం సదవడమే! నాను నడపాలా, మావకి దైర్నం సెప్పాలా? ఆ గొడవలో నా బయం సంగతే మర్సిపోనాను."

"కళ్ళలో దుమ్ము పడ్డాది" అన్నాడు హరిబాబు.

ఇప్పుడు గోడమీద ఆ ఖాళీలో జెరాక్సు వేలాడుతోంది. జెరాక్సుకి ఎండ భయం లేదు కనక ఆ పక్క కిటికీ తెర తీసే ఉంటుంది. యమున అక్కడే వెలుతుర్లో బియ్యం ఏరుకుంటుంది.

లారీ వెనకే ఉండిపోయిన అసలుది మాత్రం ఎండకి వెలిసి, వానకి చెమ్మ దిగి, ఎరుపు గులాబీరంగైపోయింది. పెన్సిలు నంబరు అలుక్కుపోయింది. రమేష్‌బాబు చూసి, "పాడైపోనాది గదా బావా!" అని నొచ్చుకున్నాడు.

హరిబాబు గ్లవుజులు తొడుక్కుని అద్దం మీద దుమ్ము తుడిచాడు. "మిగతా నూట నలభై తొమ్మిదీ ఒక్కలాగే ఉంటాయిరా. సుంకి ఘాటీ ఎక్కింది ఇదొక్కటే" అన్నాడు. అద్దం ఊడదీసి, పెన్సిలు తీసుకుని, చెరిగినచోట కొత్త నంబరు రాశాడు. ఒకటిలో ఒకటి.

టీ కొట్ల దగ్గర లారీ ఆగితే ఇప్పటికీ జనం మూగుతారు. ఎర్రన్న గ్లాసు చేత్తో పట్టుకుని తాపీగా వెనక్కి నడిచొస్తాడు.

"బొమ్మ కాదన్నా, కింద నంబరు సూడు."