ఫోన్ ఊపితే పేజీ ఖాళీ

పావగడ రోడ్డు మీద నిండు బస్సు కళ్లముందే, అందులో కూర్చున్న మా చిన్నాన్న కూతురి ఉద్యోగాన్ని ఒకే ఒక్క చేతి ఊపుతో పోగొట్టబోయిన ఘనత నాది. నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. చదివాక నా మీద కోపం వస్తే మాత్రం వరసలో నిలబడాలి, ముందు నేనున్నాను.

పోయినేడాది సంగతి. బెంగళూరులో నేనూ నా స్నేహితులూ ఒక వెబ్‌సైట్ నడిపేవాళ్లం. కోడ్ రాయడం, రాసింది నడిపి చూసుకోవడం, రెండూ బ్రౌజర్‌లోనే. కంప్యూటర్లో బ్రహ్మాండం. ఫోన్‌లో తెరిస్తే నరకం. సగం తెరని కీబోర్డే మింగేసేది. మిగతా సగంలో బటన్లు పెళ్లి భోజనాల్లో రెండో పంక్తికి ఎగబడే జనంలా తోసుకునేవి. "దీన్ని ఫోన్‌లో బాగుచెయ్యాలి" అన్నారు మావాళ్లు. "నాకు వదిలేయండి" అన్నాను. వదిలేశారు. తప్పు వాళ్లది.

అక్షరాలు పెద్దవి చేశాను. బ్రాకెట్ల కోసం కీబోర్డ్ పైన వేరే వరుస పెట్టాను. అక్కడితో ఆగి ఉంటే నాకు శాలువా కప్పేవారు. నేను ఆగితే కదా. రాసిందంతా చెరిపే బటన్ ఒకటి బొటనవేలంత చోటు తినేస్తోందని దాన్ని పీకి పారేశాను. దాని బదులు ఫోన్‌ని గట్టిగా ఊపితే చాలు, పలక తుడిచినట్టు పేజీ ఖాళీ. నిజంగా చెరపాలా అని అడగడాలు లేవు, పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడాలు లేవు, ఈ ఏర్పాటుని ఆపుకునే సెట్టింగ్ అసలే లేదు. అవన్నీ పెడితే పేజీ అందం పాడవుతుందట. ఎవరన్నారంటే, నేనే. సోఫాలో పడుకుని పరీక్షించి చూశాను. అద్భుతంగా పనిచేసింది.

కొన్నాళ్లకే చిన్నాన్నవాళ్ల ఊరు తిరుమణి నుంచి లావణ్య ఫోన్ చేసింది. చిన్నాన్న కూతురంటే తనే. పావగడలో డిగ్రీ ఆఖరి ఏడు. కాలేజీకి పోతూ వస్తూ బస్సులోనే మా వెబ్‌సైట్‌లో కోడ్ నేర్చుకునేది.

"అక్కా, రాసిందంతా పోతాండాది."

"ఎక్కడికి పోతుంది? నువ్వే ఏదో నొక్కి ఉంటావు."

"నేనేం నొక్కలేదక్కా. కిటికీలోంచి అట్లా చూసి మళ్లా చూస్తే ఏమీ ఉండదు."

"కోడ్ రాసేటప్పుడు కిటికీలోంచి ఎందుకు చూస్తున్నావు?"

వినండి నా సమాధానం. దీనికి నన్ను తన్నాలా వద్దా?

చిన్నాన్న తన చేనుని సోలార్ పార్కుకి లీజుకిచ్చారు. అక్కడి సోలార్ పలకల్ని చూసుకునే ఒక కంపెనీ కంట్రోల్ రూములోకి ట్రైనీలను తీసుకుంటోంది. ముందు ఆన్‌లైన్ పరీక్ష. అదీ మా వెబ్‌సైట్‌లోనే. "మా చేన్లో నిలబెట్టిన పలకల్ని యాడాడోళ్లో వచ్చి చూసుకుంటాండారు, నేను చూసుకుంటే ఏంది?" అనేది లావణ్య. ఇది రాకపోతే బెంగళూరుకి గార్మెంట్స్ పనికి పోవాల్సిందే.

తప్పు తన వేలిదేనని రుజువు చేద్దామని పరీక్షనాటికి నేనే తిరుమణిలో దిగాను. పది నుంచి పదకొండు దాకా పరీక్ష. కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్ మీద రాయాలన్నది ఏర్పాటు. బస్సు ఆలస్యంగా వచ్చింది. పదయ్యేసరికి ఇద్దరం వెనక సీట్లో ఉన్నాం. లావణ్య ఫోన్ తీసి రాయడం మొదలుపెట్టింది.

పది వరసలు రాసిందో లేదో, బస్సు గుంతలో పడింది. నా తల పైకప్పుకి తగిలింది. కిందికి చూస్తే పేజీ తెల్లగా మెరుస్తోంది.

"చూస్తివా అక్కా?"

చూశాను. అర్థమైంది. కానీ ఒప్పుకోవడం నా వంట్లో లేదు. "ఏం రోడ్డండీ ఇది" అని కండక్టర్ మీద పడ్డాను.

"ఈ రోడ్డులో తిన్న ఇడ్లీనే కడుపులో నిలబడదు, మీ కోడ్ నిలబడతాదా?" అన్నాడాయన.

ఫోన్ ఊగితే పరీక్షలో రాసింది పోతోందని తెలిసి బస్సులో జనమంతా కదిలారు. ఈ బస్సుల్లో నిలబడినవాళ్ల సంచీనో పిల్లనో కూర్చున్నవాళ్లు ఒళ్లో పెట్టుకోవడం మామూలే. పక్కనున్న అవ్వ తన ఒళ్లోని చింతపండు మూట సర్ది, "ఇట్లియ్యి పాపా" అని ఫోన్‌ని దానిమీద పెట్టించి రెండు చేతులా పట్టుకుంది. మెత్తటి మూట. ఫోన్ కదల్లేదు. లావణ్య వంగి టైప్ చేస్తోంది. కండక్టర్ ముందుకి అరిచాడు: "అన్నా, నిదానంగా పోనీ, పాప పరీక్ష రాస్తాండాది." చివరికి డ్రైవర్ బస్సుని పక్కకి తీసి ఆపేశాడు. ప్రోగ్రామ్ పూర్తయింది. ఇక పంపడమే మిగిలింది.

అప్పుడే అవ్వకి సందేహం వచ్చింది. "అవునప్పా, ఊపితే పోయేటట్ల ఎవురు చేసినారు దీన్ని?"

"ఎవురో ఏసీ రూములో కూచోని చేసింటారు. వాళ్లను పట్టుకొచ్చి ఈ వెనక సీట్లో కూచోబెట్టల్ల" అన్నాడు కండక్టర్.

"బుర్ర ఉండేటోళ్లు చేసే పనేనా ఇది?" అంది అవ్వ.

బుర్ర. నా బుర్ర. నెలల తరబడి నేను పడ్డ కష్టం. మూట మీదున్న ఫోన్‌ని లాక్కుని, కండక్టర్ మొహం ముందు ఆడిస్తూ, "చేసింది నేనే. బ్రాకెట్ల వరుస చూశారా? అక్షరాలు చూశారా?" అన్నాను.

వాళ్లు చూశారు. అక్షరం లేదు, బ్రాకెట్ లేదు.

లావణ్య నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "అక్కా, నువ్వు లోపలే ఉండు" అని దిగిపోయి, కల్వర్టు మీద కూర్చుని మొత్తం మళ్లీ రాయసాగింది. నేను సాయం చేద్దామని లేవబోతే అవ్వ నా మణికట్లు రెండూ పట్టుకుని ఒళ్లోని మూటకేసి అదిమింది.

"వదలండవ్వా."

"ఊరకుండు పాపా. పట్టుకోవాల్సింది ఫోన్‌ని కాదు, నిన్ను."

పదకొండుకి కాస్త ముందు లావణ్య పంపేసింది. ఉద్యోగం వచ్చింది. పరీక్షనాటి సాయంత్రమే చిన్నాన్న ఇంటి అరుగు మీద కూర్చుని, ఊపితే చెరిపే ఏర్పాటు తీసేసి బటన్ని తిరిగి పెట్టాను. "నిజంగా చెరపాలా?" అని అది ఇప్పుడు రెండుసార్లు అడుగుతుంది.

బస్సు సాక్షిగా, చింతపండు మూట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద సోఫాలో పడుకుని బస్సు జనానికి ఏదీ తయారు చెయ్యను. కోపం మాత్రం మానలేను. వచ్చినప్పుడు ఫోన్ పక్కవాళ్లకిచ్చి, ఒట్టి చేతులు ఊపుకుంటాను.